రెక్క ఆడించకుండా బతికే పక్షి

రాబందు గురించి రాసేవారిలో చాలామంది దాని బోడి తలతోనో, కుళ్లిన మాంసంతోనో మొదలుపెడతారు. నన్నడిగితే, మొదలుపెట్టవలసింది దాని బరువుతో. దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వతాల్లో తిరిగే కాండర్ అనే రాబందు 15 కిలోల వరకు తూగుతుంది. విప్పిన రెక్కలు ఈ కొస నుంచి ఆ కొసకు 3 మీటర్లు దాటుతాయి. ఎగరగలిగే పక్షుల్లో ఇంత బరువున్నవి బహు తక్కువ. అంత బరువును రెక్కలు కొట్టుకుంటూ గాలిలో నిలబెట్టాలంటే విపరీతమైన శక్తి కావాలి. తరువాతి తిండి ఎప్పుడు, ఎక్కడ దొరుకుతుందో తెలియని ప్రాణికి అది భరించలేని ఖర్చు. ఆకలేసిన గద్ద వేటకు వెళ్తుంది. రాబందుకు ఆ వీలు లేదు. ఎక్కడో ఒక జంతువు తనంతట తాను చావాలి, లేదా మరో జంతువు దానిని చంపి, తినగా మిగిలింది వదిలిపెట్టాలి. అప్పటిదాకా కాచుకుని ఉండాలి.

అందుకే రాబందు శరీరంలో ఏ అవయవాన్ని చూసినా నాకు పొదుపే కనిపిస్తుంది. రాబడి మీద అదుపు లేనప్పుడు ఖర్చు మీదైనా అదుపు ఉండాలి కదా. అయితే పొదుపే పరమావధి అయితే ఒళ్లెందుకు ఇంత పెంచుకుందన్న సందేహం వస్తుంది. చిన్న పక్షి కంటే పెద్ద పక్షి ఒకేసారి ఎక్కువ తినగలదు, తిన్నదాన్ని కొవ్వుగా ఎక్కువ దాచుకోగలదు, బరువుతో పోలిస్తే తక్కువ శక్తితో రోజు గడపగలదు. రోజుల తరబడి ఏమీ దొరకని బతుకులో ఈ మూడూ ప్రాణాన్ని నిలబెట్టే విషయాలే. పైగా కళేబరం దగ్గర తోపులాటలో పెద్ద ఒళ్లుకే చోటు దొరుకుతుంది. ఇక మిగిలిన చిక్కల్లా ఆ ఒంటిని ఖర్చు లేకుండా మోసుకు తిరగడం ఎలాగన్నదే.

ఈ చిక్కును ప్రకృతి రెండుసార్లు, రెండు చోట్ల విడివిడిగా విప్పింది. ప్రపంచంలో ఉన్న 23 జాతుల రాబందుల్లో 16 ఆసియా, ఆఫ్రికా, యూరప్ ఖండాలవి. ఇవి గద్దల కుటుంబానికి చెందినవి. కాండర్లతో కలిపి మిగిలిన 7 జాతులు అమెరికా ఖండాలవి, వాటి వంశం వేరు. ఈ రెండు గుంపులకూ దగ్గరి చుట్టరికం లేకపోయినా వెడల్పైన రెక్కలు, ఈకలు లేని తల, కొక్కెం లాంటి ముక్కు రెండింటికీ వచ్చాయి. ఒకే రకమైన బతుకుతెరువు వేరువేరు వంశాలను ఒకే ఆకారానికి తీసుకువచ్చిందనడానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ పక్షుల్లో నాకు తట్టడం లేదు.

కాండర్ ఎంత పొదుపుగా ఎగురుతుందో 2020లో వెలువడిన ఒక పరిశోధన అంకెలతో సహా చూపించింది. అర్జెంటీనాలోని పటగోనియా ప్రాంతంలో కొన్ని కాండర్లకు ప్రతి రెక్కపాటునూ నమోదు చేసే పరికరాలు కట్టి వదిలారు. అవి గాలిలో గడిపిన కాలంలో రెక్కలు ఆడించింది దాదాపు నూటికి ఒక వంతు మాత్రమే. ఆ ఒక్క వంతులోనూ ఎక్కువ భాగం నేల మీద నుంచి పైకి లేవడానికే సరిపోయింది. ఒక పక్షి అయితే ఐదు గంటలకు పైగా, 172 కిలోమీటర్ల దూరం, ఒక్కసారి కూడా రెక్క కొట్టకుండా ప్రయాణించింది. పరికరాలు కట్టినవి ఇంకా పూర్తి వయసుకు రాని పక్షులన్నది గమనించవలసిన విషయం. అంటే ఈ నేర్పు సంపాదించడానికి దశాబ్దాల అనుభవం అక్కరలేదన్నమాట.

దీని కిటుకు పైకి లేచే గాలిలో ఉంది. ఎండకు నేల అంతటా ఒకేలా వేడెక్కదు. ఎక్కువ వేడెక్కిన చోట గాలి తేలికై పైకి లేస్తుంది. రాబందు ఆ గాలిని వెతికి పట్టుకుని, దాని లోపలే చిన్న చిన్న వలయాలు తిరుగుతూ పైకి చేరుతుంది. తగినంత ఎత్తుకు చేరాక రెక్కలు చాచి జారుకుంటూ, నెమ్మదిగా ఎత్తు కోల్పోతూ, మరో వేడిగాలి లేచే చోటికి వెళ్తుంది. ఆఫ్రికాలోని తెల్లవీపు రాబందు నిశ్చలమైన గాలిలో ఒక మీటరు కిందికి దిగేలోపు దాదాపు 15 మీటర్లు ముందుకు సాగుతుంది. కాలిన్ పెనిక్విక్ అనే శాస్త్రవేత్త తూర్పు ఆఫ్రికాలోని సెరెంగెటీ మైదానాల మీద ఒక మోటారు గ్లైడర్‌లో ఈ పక్షుల వెంట తిరిగి ఇటువంటి వివరాలు సేకరించాడు. పక్షి ఎగిరే తీరును పక్షి పక్కన ఎగురుతూ చూడాలన్న ఆలోచన నాకు ఎంతో నచ్చింది.

పైకి లేచే గాలి ఇరుకుగా ఉంటే పెద్ద వలయాలు తిరగడం కుదరదు. తక్కువ వేగంతో, కురచ వలయాల్లో తిరగాలి. వెడల్పైన రెక్కలు అందుకే. రెక్కల కొసన ఉండే పెద్ద ఈకలు చేతివేళ్లలా విడివిడిగా విచ్చుకుంటాయి, దానివల్ల రెక్క చివర సుడులు తిరిగే గాలి కలిగించే వెనక్కి లాగుడు తగ్గుతుంది. గంటల తరబడి రెక్కలను చాచి ఉంచడం కూడా శ్రమే కాబట్టి, అమెరికా ఖండాల్లో ఉండే టర్కీ రాబందు ఛాతీ కండరంలో లోపలి పొర నెమ్మదిగా పనిచేసే, త్వరగా అలసిపోని తంతువులతో ఏర్పడింది. కొట్టడానికి ఒక కండ, పట్టి ఉంచడానికి ఒక కండ అన్నమాట. దీనికి మరో పార్శ్వం ఉంది. ఎండెక్కి గాలి లేచేదాకా రాబందు చేయగలిగింది పెద్దగా ఉండదు. ఉదయం పూట అది రెక్కలు విప్పుకుని కొమ్మ మీదనో రాతి మీదనో కూర్చుని ఉంటే దానిని బద్ధకమనుకోకూడదు. ఒళ్లు వేడెక్కించుకోవడం, ఈకలు ఆరబెట్టుకోవడంతో పాటు, ఎగిరేటప్పుడు పైకి వంగిపోయిన పెద్ద ఈకలు ఎండ తగిలితే కొద్ది నిమిషాల్లోనే మళ్లీ తిన్నగా అవుతాయి. నీడలో అదే పనికి గంటలు పడుతుంది.

ఎంత ఎత్తుకు వెళ్తుందన్న ప్రశ్నకు 1973 నవంబరు 29న ఒక దుర్ఘటన జవాబిచ్చింది. పశ్చిమ ఆఫ్రికాలోని ఆబిజాన్ నగరం మీదుగా దాదాపు 37,000 అడుగుల ఎత్తున వెళ్తున్న విమానాన్ని ఒక పక్షి ఢీకొంది. ఇంజనులో దొరికిన ఈకలను బట్టి అది ఆఫ్రికాలో ఉండే రూపెల్ రాబందు అని తేల్చారు. ఆ ఎత్తులో మనిషి నిమిషం గడిచేలోపే స్పృహ తప్పుతాడు. ఈ జాతి రక్తంలోని హిమోగ్లోబిన్ ఒకే రకం కాదు. అందులో కొన్ని రకాలు పలచని గాలిలోని ఆక్సిజన్‌ను కూడా గట్టిగా పట్టుకోగలవు, అందువల్ల నేల దగ్గరా, ఆకాశపు అంచులోనూ అదే రక్తం పనిచేస్తుంది.

ఖర్చు లేకుండా తిరగడం సగం పని మాత్రమే. తిండి కనిపించాలి కూడా. ఆసియా, ఆఫ్రికా, యూరప్ రాబందులు కంటినే నమ్ముకుంటాయి. అయితే ఒక్కొక్క రాబందు తన కంటితో నేలనంతా గాలిస్తుందనుకుంటే అసలు విషయం చేజారుతుంది. ఒక్కొక్కటి మైళ్ల దూరంలో విడివిడిగా తిరుగుతూ, కింది నేలతో పాటు పక్కనున్న రాబందులను కూడా కనిపెడుతూ ఉంటుంది. ఒకటి గిరగిరా తిరిగి కిందికి దిగితే దాని పక్కది ఆ దిగడం చూసి అటు తిరుగుతుంది, దానిని చూసి అవతలిది. గంట తిరగకముందే ఖాళీ ఆకాశంలోంచి పదుల కొద్దీ పక్షులు ఒక్క చోటికి చేరతాయి. ఆఫ్రికాలో కొన్ని రాబందులు తమకంటే పొద్దున్నే ఎగరగలిగే గద్దలను కూడా ఇలాగే గమనిస్తూ, అవి దిగిన చోటికి చేరుకుంటాయి. గాలించే శ్రమను ఎవరూ ఒప్పందం చేసుకోకుండానే పంచుకున్నట్లయింది.

కంటి విషయంలో ఒక విచిత్రం ఉంది. ఆసియా, ఆఫ్రికా, యూరప్‌లలో ఉండే గ్రిఫన్ రాబందుల కనుబొమల గట్టు ముందుకు పొడుచుకుని వచ్చి, రోజంతా ఎండలో తిరిగే కంటికి సూర్యుడు తగలకుండా గొడుగు పడుతుంది. నేలను చూడటానికి తల వంచి ఎగిరేటప్పుడు ఆ గట్టు వల్ల నేరుగా తాను వెళ్తున్న దిక్కే దానికి కనిపించదు. ఆకాశంలో ఎదురుగా అడ్డం వచ్చేదేమీ లేని కోట్ల సంవత్సరాల కాలంలో ఇది లోపం కాలేదు. గాలిమరలు నిలబెట్టిన చోట్ల ఇవి నేరుగా వెళ్లి ఢీకొనడానికి ఇదొక కారణం.

అమెరికా ఖండాల్లో టర్కీ రాబందు దారి వేరు, అది వాసన పసిగట్టి వెతుకుతుంది. దీని మీద వందేళ్లకు పైగా వాదం నడిచింది. పక్షుల చిత్రకారుడు జాన్ జేమ్స్ ఆడుబాన్ 1820ల నాటి తన ప్రయోగాలతో దీనికి వాసన తెలియదని తేల్చి చెప్పాడు. 1964లో కెన్నెత్ స్టేగర్ అనే శాస్త్రవేత్త అది తప్పని చూపించాడు. కాలిఫోర్నియాలో గ్యాసు గొట్టాలు కారిన చోట ఈ రాబందులు గుమిగూడతాయని గ్యాసు కంపెనీ పనివారికి అప్పటికే తెలుసు. వాసన లేని గ్యాసు కారితే తెలిసేలా దానికి కలిపే ఇథైల్ మెర్కాప్టాన్ అనే పదార్థం కుళ్లుతున్న మాంసంలోంచి కూడా వస్తుంది. పండితులు వాదించుకుంటున్న విషయం గొట్టాలు బాగుచేసేవారికి రోజూ కళ్ల ముందు జరుగుతున్నదన్నమాట. తరువాత డేవిడ్ హ్యూస్టన్ పనామా అడవిలో ఆకుల కింద 74 కోడి కళేబరాలు దాచి చూస్తే, మూడు రోజుల్లో 71 కళేబరాలను ఈ రాబందులు పట్టేశాయి. బాగా కుళ్లిన కళేబరం కన్నా ఒక రోజు నాటి దానికే అవి మొగ్గు చూపాయి. రాబందుకు కుళ్లే ఇష్టమని అనుకునేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. తాజాది దొరికితే అది తాజాదే తింటుంది.

కళేబరం దగ్గరికి వెళ్లి చూస్తే అందరూ ఒకే పని చేయరు. గ్రిఫన్ జాతుల ముక్కు మెత్తని కండను పీకడానికి పనికివస్తుంది గాని, పెద్ద జంతువు దళసరి చర్మాన్ని చీల్చలేదు. అందుకని అవి కన్ను, నోరు, మలద్వారం వంటి మెత్తని చోట్ల నుంచి లోపలికి దారి చేసుకుంటాయి, లేదా మరింత బలమైన ముక్కున్న పెద్ద రాబందు వచ్చి చర్మం చీల్చేదాకా చుట్టూ నిలబడతాయి. దారి దొరికిన తరువాత పొడుగాటి మెడను భుజాల దాకా లోపలికి దూర్చి, నాలుక మీద వెనక్కి తిరిగి ఉన్న ముళ్లతో జారిపోయే కండను పట్టి లోపలికి లాగుతాయి. కొన్ని నిమిషాల్లోనే ఒక కిలో దాకా మాంసం మెడ కింది సంచిలోకి చేరిపోతుంది. ఇంత తొందర ఎందుకంటే, ఏ క్షణంలోనైనా ఒక హైనా వచ్చి మొత్తం లాక్కోవచ్చు. చిన్న రాబందులు మాత్రం గొడవకు దూరంగా తిరుగుతూ చిందిన తునకలు ఏరుకుంటాయి. ఇంత హడావుడిలోనూ కాళ్లకు పని లేదు. రాబందు కాలిగోళ్లు మొద్దుబారి, పాదం చదునుగా ఉంటుంది. నేల మీద నడవడానికి, కళేబరాన్ని తొక్కి పట్టడానికి అది చాలు. గద్దలా పట్టుకుని ఎగరడం చాలా రాబందులకు చేతకాదు. పిల్లకు తిండి తేవాలన్నా అవి మెడ కింది సంచిలో మోసుకు రావలసిందే.

ఇప్పుడు బోడి తల సంగతి. నెత్తురు అంటుకున్న ఈకలను శుభ్రం చేసుకోవడం కష్టం కాబట్టి తల బోడిదైందన్నది అందరూ చెప్పే మాట, అందులో కొంత నిజం ఉండవచ్చు. కాని 2008లో గ్రిఫన్ రాబందు మీద చేసిన లెక్కలు మరో కారణాన్ని చూపించాయి. అది మెడ చాచి, రెక్కలు విప్పి నిలబడితే ఒంటి ఉపరితలంలో దాదాపు 32 శాతం ఈకలు లేని చర్మం బయటపడుతుంది. ముడుచుకుని కూర్చుంటే అది 7 శాతానికి దిగుతుంది. చలిలో ఇలా ముడుచుకోవడం ఒక్కదానితోనే ఒంటి నుంచి పోయే వేడిలో సగం దాకా ఆదా అవుతుంది. మండుటెండ కాసే నేల మీది నుంచి గడ్డకట్టే చలి ఉన్న ఎత్తుకు కొద్దిసేపట్లోనే చేరే పక్షికి ఇది ఖర్చు లేని ఉపాయం. అమెరికా రాబందులు దీనికి తోడు తమ కాళ్ల మీదే విసర్జించుకుని, ఆ తడి ఆరుతున్నప్పుడు కలిగే చల్లదనంతో కాళ్లలో పారే నెత్తురును చల్లబరచుకుంటాయి. వాటి కాళ్లు సున్నం పూసినట్లు తెల్లగా కనిపించడానికి కారణం ఇదే. ఈ కారణంగానే వాటి కాళ్లకు గుర్తింపు కడియాలు వేయరు. కడియం కింద ఆ తెల్లని పదార్థం పేరుకుని గట్టిపడి కాలిని గాయపరుస్తుంది.

పొట్టలోకి వెళ్తే ఇంకా గొప్ప పనితనం కనిపిస్తుంది. రాబందు జీర్ణాశయంలోని ఆమ్లం ఎంత ఘాటైనదంటే, మాంసంతో పాటు వచ్చిన సూక్ష్మజీవుల్లో అధిక భాగం అక్కడే అంతమవుతుంది. 2014లో రెండు జాతుల అమెరికా రాబందులను పరిశీలించినప్పుడు, ముఖం మీది చర్మంపై సగటున 528 రకాల సూక్ష్మజీవులు ఉండగా పేగుల్లో 76 రకాలే మిగిలాయి. మిగిలినవాటిలో ఎక్కువ భాగం క్లాస్ట్రిడియా, ఫ్యూసోబాక్టీరియా అనే వర్గాలవి, అంటే ఇతర జంతువులకు ప్రాణాంతకమైన జబ్బులు తెచ్చే కుటుంబాలకు చెందినవి. వాటిని రాబందు చంపకుండా చోటిచ్చి పెట్టుకుంది. తిన్న మాంసాన్ని జీర్ణం చేసుకోవడంలో అవి దానికి సాయపడుతున్నాయని పరిశోధకుల అభిప్రాయం. శత్రువును జయించడం కన్నా పనిలో పెట్టుకోవడమే పొదుపు.

ఈ ఆమ్లాన్ని అన్నిటికంటే తెగువగా వాడుకునేది గడ్డపు రాబందు. మిగిలినవారంతా తిని వెళ్లాక వచ్చి, ఇది ఎముకలు తింటుంది. దీని ఆహారంలో 70 శాతానికి పైగా ఎముకలే. మింగగలిగినంత ఎముకను అలాగే మింగుతుంది. మింగలేనంత పెద్దదైతే కాళ్లతో పట్టుకుని పైకి తీసుకువెళ్లి, తాను ఎంచుకున్న రాతి మీదికి జారవిడుస్తుంది. పగలకపోతే మళ్లీ తీస్తుంది, మళ్లీ విడుస్తుంది. పిల్లలు ఈ పని సరిగా నేర్చుకోవడానికి సంవత్సరాలు పడుతుంది. ఎముకలోని మూలగలో కొవ్వు, ఎముక లోపలి జిగురు పదార్థంలో మాంసకృత్తులు ఉంటాయి కాబట్టి, ఎండిన ఎముక కూడా చెప్పుకోదగిన ఆహారమే. మాంసం రెండు రోజుల్లో చెడిపోతుంది, ఎముక నెలల తరబడి ఉంటుంది. పోటీకి వచ్చేవారూ దాదాపు లేరు. పోటీ లేని వంటకాన్ని ఎంచుకున్న ఈ పక్షి తెలివికి నేను ముగ్ధుడిని.

సంతానం దగ్గర కూడా లెక్క ఇంతే. పెద్ద రాబందులు ఒకసారికి ఒకే గుడ్డు పెడతాయి. కాండర్ అయితే సాధారణంగా రెండేళ్లకు ఒక్కసారి. గ్రిఫన్ గుడ్డును దాదాపు రెండు నెలలు పొదగాలి, పిల్ల ఎగరడానికి మరో నాలుగు నెలలు పట్టాలి. జత కట్టే వయసు రావడానికే ఐదారేళ్లు కావాలి. దీర్ఘాయువు ఉన్న, పెద్ద వయసులో చావులు తక్కువగా ఉండే పక్షికి ఇది సరిపోయే లెక్క.

పెద్దవి చావడం మొదలైతే ఈ లెక్క ఎంత త్వరగా తలకిందులవుతుందో భారతదేశంలో తెలిసింది. 1992 నుంచి 2007 మధ్య తెల్లవీపు రాబందుల సంఖ్య 99.9 శాతం పడిపోయింది. కారణం రోగం కాదు. పశువులకు నొప్పి తగ్గడానికి ఇచ్చే డైక్లోఫెనాక్ అనే మందు చచ్చిన పశువు ఒంట్లో మిగిలి, దాన్ని తిన్న రాబందు మూత్రపిండాలను చెడగొడుతోందని 2004లో తేలింది. మందు అవశేషాలున్న కళేబరాలు నూటికి ఒకటి కంటే తక్కువ ఉన్నా ఇంత నాశనానికి చాలునని లెక్క తేల్చారు. పక్కదానిని చూసి దిగే అలవాటు వల్ల ఒక్క కళేబరం మీదికి గుంపంతా చేరుతుంది కదా. 2006లో పశువులకు ఆ మందు వాడకాన్ని నిషేధించారు. ఆఫ్రికాలో ఈ అలవాటునే దొంగ వేటగాళ్లు తమకు శత్రువుగా చూస్తారు: గిరికీలు కొట్టే రాబందులు చచ్చిన ఏనుగు ఎక్కడుందో అటవీ కాపలాదారులకు చూపిస్తాయి. అందుకే కళేబరంలో విషం కలుపుతారు. 2019లో బోట్స్వానాలో అలా మూడు ఏనుగుల దగ్గర 537 రాబందులు చచ్చిపోయాయి.

కాలిఫోర్నియా కాండర్‌ను దెబ్బతీసింది దాని ఆమ్లమే. వేటగాళ్లు కాల్చిన జంతువు పేగుల్లో చిక్కుకున్న సీసపు తునకలు, సూక్ష్మజీవులను చంపే ఆ ఘాటైన ఆమ్లంలో కరిగి నేరుగా రక్తంలోకి చేరతాయి. 1982 నాటికి ప్రపంచంలో ఈ జాతి పక్షులు 22 మాత్రమే మిగిలాయి. 1987లో అడవిలో ఉన్న చివరిదాన్ని కూడా పట్టి పెంపకంలో చేర్చారు. పెట్టిన గుడ్డును తీసేస్తే తల్లి మరొకటి పెడుతుందని గమనించి, అలా సంఖ్యను పెంచి, 1992 నుంచి తిరిగి అడవిలోకి వదులుతున్నారు. వేటలో సీసపు తూటాల వాడకాన్ని కాలిఫోర్నియా 2019 నుంచి పూర్తిగా ఆపింది. అయినా అక్కడ తిరిగే కాండర్లను ఇప్పటికీ వీలైనప్పుడల్లా పట్టి, రక్తంలో సీసం ఎంతుందో చూసి, హద్దు మించితే వైద్యం చేసి, మళ్లీ వదలవలసి వస్తోంది.